ఇరుకింటిలో ఎండయు, చలియు

"ఇల్లు ఇరకటము, ఆలి మర్కటము" అను సామెత మనలో చిరకాలముగా వాడుకలో నున్నది. ఇల్లు ఇరుకైనందువలని కష్టమంతయు మగవానిదే యైనట్లును, ఆ కష్టమునకు తోడు ఆలి మరియొక కష్టమైనట్లును ఇది చెప్పుచున్నది. అయితే ఆ యిరుకింటిలో దినమునకు ఎక్కువ గంటలు గడపునది ఎవరు? వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నము పొయ్యి ముందర నిలుచునది ఎవరు? సామెత కట్టినవారు ఈ ప్రశ్న వేసికొనలేదు. అరువదియేండ్లు నిండువరకు మేమును వేసికొనలేదు. వేసికొనక తప్పని దినములు వచ్చినవి. ఆ వృత్తాంతమును చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇందు మా ఘనకార్యములు లేవు, పొరపాట్లే యెక్కువ. ఒకరి పొరపాటు పదిమందికి పాఠమగునను నమ్మకముతో వ్రాయుచున్నాము.

మేము కృష్ణాజిల్లాలో సముద్రతీరపు గ్రామమున పుట్టినవారము. బ్యాంకు ఉద్యోగము మమ్ము ఊరూర త్రిప్పి, తుదకు తెలంగాణమునకు ఉత్తరపు కొననున్న ఆదిలాబాదు పట్టణమున నిలిపెను. 2018వ సంవత్సరమున అక్కడనే ఉద్యోగవిరమణ చేసితిమి. చేతికందిన సొమ్ములో పెద్దభాగము కుమార్తె చదువునకై చేసిన అప్పునకు చెల్లిపోయెను. మిగిలినదానితో డెబ్బది గజముల స్థలము కొని యొక యిల్లు కట్టుకొంటిమి. పదియడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవుగల గది యొకటి, ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుగల వంటయిల్లు, స్నానపుగది, ముందర చిన్న అరుగు. ఇంతియే. అందు నివసించువారము ముగ్గురము: మేము, మా గృహిణి, ఎనుబది నాలుగేండ్ల మా తల్లి.

ఆ యింటిని గూర్చి మాకు మిక్కిలి గర్వముండెను. ఆడంబరమునకై మేడలు కట్టి అప్పులపాలగువారిని ఖండించుచు వ్యాసములు వ్రాసియుంటిమి. ఇప్పుడు వ్రాసినట్లే నడచుచున్నామని వచ్చినవారికెల్ల చెప్పుకొనుచుంటిమి. కాని ఇరుకింటి స్వభావము మాకు తెలియదు. పెద్దయింటిలో ఎండ తగిలిన గదిని విడిచి వేరొక గదికి పోవచ్చును. చలిగాలి వీచు కిటికీని విడిచి లోపలి మూలకు జరుగవచ్చును. ఇరుకింటిలో జరుగుటకు చోటు లేదు. అందు పొరపాటు జరిగినచో ఇంటివారందరకును ఒక్కసారియే తగులును.

ఆదిలాబాదున ఎండయు తీవ్రమే, చలియు తీవ్రమే. మే నెలలో పగటి వేడిమి 44, 45 డిగ్రీల దాక పోవును. డిసెంబరు, జనవరి నెలల రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు, కొన్ని యేండ్లు 5 డిగ్రీల దరిదాపునకు దిగును. సముద్రపు గాలిలో పెరిగిన మాకు చలి యనగా మరియొక దుప్పటి కప్పుకొనుటయే. మేము గృహప్రవేశము చేసినది డిసెంబరులో గనుక, మొదటి పరీక్ష చలి చేతనే కలిగెను.

జనవరిలో ఒకనాటి రాత్రి మా తల్లి వణకుచు, "నాయనా, కాళ్లు కొయ్యబారిపోయాయి" అనెను. విద్యుత్తుతో పనిచేయు హీటరు నొకదానిని కొందమని గృహిణి అంతకు మునుపే చెప్పియుండెను. "కుంపటి యుండగా హీటరేల?" అని మేము త్రోసివేసితిమి. ఆ రాత్రి పెరటిలో కుంపటి రాజవేసి, పొగ యంతయు పోయి బొగ్గులు ఎఱ్ఱబడిన పిమ్మట లోనికి తెచ్చి, మా తల్లి మంచము ప్రక్కన నుంచితిమి. తలుపు మూసి, క్రింది సందున గోనెపట్టా దూర్చి, వెంటిలేటరునకు అట్టముక్క అడ్డుపెట్టి పండుకొంటిమి. గది హాయిగా వెచ్చబడెను. మా తెలివిని మేమే మెచ్చుకొంటిమి.

నడిరేయి గృహిణి తలనొప్పితో మేల్కొని, మంచినీళ్లకై లేవబోయి, తూలి గోడ పట్టుకొనెను. మమ్ము లేపెను. మాకును తల బరువెక్కి, కడుపులో త్రిప్పుచుండెను. మా తల్లిని పిలిచిన పలుకలేదు. మేము దీపపు మీట కొఱకు తడుముకొనుచుండగానే ఆమె తలుపు లాగి తీసి, అత్తగారి చంకలక్రింద చేతులు వేసి అరుగుమీదికి ఈడ్చుకొనిపోయెను. ఇరుగుపొరుగువారు లేచి ఆటో పిలిచిరి. ఆసుపత్రిలో ముక్కునకు ప్రాణవాయువు పెట్టిరి. తెల్లవారుజామున మా తల్లి కనులు తెరచి, "చలిగా ఉంది. కుంపటి ఏది నాయనా?" అనెను. ఆనాటి సిగ్గు మమ్ము నేటికిని విడువలేదు.

"పొగ లేదు గనుక భయము లేదనుకొంటిరి కాబోలు" అని వైద్యుడు నెమ్మదిగా బోధించెను. బొగ్గులు మండునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిదురలో నున్నవానికి ఊపిరాడనట్లు తోచదు. నిదురలోనే ప్రాణము పోవును. మన పూర్వులు కుంపటి వాడలేదా యని అడుగవచ్చును. వాడిరి. వారి పెంకుటిండ్లలో కప్పునిండ సందులుండెను. సిమెంటు శ్లాబు, ఇనుప తలుపు, అద్దపు కిటికీ గల నేటి గదిలో ఆ సందులు లేవు. ఇల్లు మార్చుకొని అలవాటు మార్చుకొనకపోవుటయే మేము చేసిన తప్పు.

అటుపిమ్మట మేము కొంత లెక్క నేర్చుకొంటిమి. ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి ఎల్లప్పుడు వెలువడుచుండును. ముగ్గురము పండుకొన్నచో ఆ గదిలో చిన్నపాటి హీటరొకటి రాత్రియంతయు వెలిగినట్లే. ఆ వేడిని పోకుండ నిలుపుకొనుటే ముఖ్యమైన పని. కిటికీలకు ముదుక గుడ్డతో తెరలు కుట్టించితిమి. మా తల్లి మంచమును చల్లని బయటిగోడ నుండి లోపలిగోడకు జరిపితిమి. పరుపు క్రింద రెండు బొంతలు పరచితిమి. కాళ్లకు ఉన్నిమేజోళ్లు తొడిగితిమి. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పాదములకడ నుంచితిమి. ఒక 1,000 వాట్ల హీటరును కొంటిమి. గంటసేపు వెలిగించిన ఒక యూనిట్టు విద్యుత్తు ఖర్చగును. గనుక ఆమె స్నానము చేయునప్పుడును, మిక్కిలి చలిరాత్రులలో పండుకొనబోవు ముందును అరగంట చొప్పున వాడితిమి. వెంటిలేటరును మాత్రము మరల మూయలేదు. గది నంతయు కాచుటకంటె అందులోని మనుష్యులను కాచుట సులభమని ఆ చలికాలము నేర్పెను.

ఆ పాఠము మార్చి నెలదాక జ్ఞాపకమున్నది. ఎండలు ముదిరినపుడు మరచితిమి.

2019 వేసవిలో ఇల్లు ఆవపుగూడయ్యెను. నడినెత్తిన సూర్యుడున్నపుడు చదరపు మీటరు నేలపై సుమారు 1,000 వాట్ల ఎండ పడును. మా గది, వంటయిల్లు కలిసి కప్పు 16 చదరపు మీటర్లు. అనగా నడుమధ్యాహ్నము మా నెత్తిమీద 16,000 వాట్లు. బూడిదరంగు సిమెంటు అందు సగమునకు మించి పీల్చుకొనును. ఐదంగుళముల శ్లాబు ఆ వేడిని పట్టి యుంచి, ప్రొద్దుక్రుంకిన తరువాత లోపలికి వదలును. బయట గాలి చల్లబడిన రాత్రి పదిగంటలకు శ్లాబు అడుగున చేయి పెట్టినచో జ్వరగ్రస్తుని నొసలివలె కాలుచుండెను. ఆ కప్పు క్రింద పంకా త్రిప్పిన అది పైనున్న వేడిగాలిని మంచము మీదికి దింపుచుండెను. మేము గదిలో పంకాక్రింద కూర్చుండి గ్రంథములు చదువుకొనుచు, "వేసవి వేసవివలెనే యుండును, ఓర్చుకొనవలెను" అనుచుంటిమి.

మే నెల మూడవ వారమున ఒంటిగంట వేళ వంటయింట గిన్నె పడిన చప్పుడాయెను. పోయి చూడగా గృహిణి గోడకు చేరబడి కూలియుండెను. ముఖము ఎఱ్ఱబడి, మాట తడబడుచుండెను. అరుగుమీదికి చేర్చి, తడిగుడ్డలతో ఒడలు తుడిచి, విసరితిమి. తెలివి నిలిచిన పిమ్మట ఉప్పు, పంచదార కలిపిన నీరు త్రాగించితిమి. 2015వ సంవత్సరపు వడగాలులలో ఈ దేశమున రెండువేలకు పైబడి జనులు మరణించిరనియు, వారిలో అత్యధికులు తెలుగుసీమల వారేననియు మేము ఎరిగియే యుంటిమి. కాని వడదెబ్బ పొలమున పనిచేయువానికి, రోడ్డు వేయువానికి తగులునని యెంచితిమి. అది మన వంటయింటికి వచ్చునని తలచలేదు.

సాయంకాలము తేరుకొని ఆమె యొక్కమాట అనెను. "ఇల్లెంత చిన్నదో ఊరందరికీ చెప్పారు. వంటింట్లో ఎంత వేడో నన్నొక్కనాడైనా అడిగారా?"

మాకు సమాధానము లేదు. వంటయింట పంకా లేదు. ఇల్లు కట్టునాడు ఆమె అడిగెను. "గాలికి పొయ్యిమంట ఆరిపోవును" అని మేమే వలదంటిమి. ఆ మరునాటినుండి వారము దినములు వంట మేము చేసితిమి. త్యాగబుద్ధితో కాదు, ఆమె లేవలేదు గనుక. గదిలోని ఉష్ణమాపకమును తీసి పొయ్యిప్రక్కన వ్రేలాడగట్టితిమి. అరగంటలో 43 డిగ్రీలు చూపెను. లెక్క వేసిచూచితిమి. ఒక గ్యాసుపొయ్యి మంట సుమారు 2,000 వాట్లు. అనగా ఆరడుగుల గదిలోనికి ఇరువదిమంది మనుష్యులు వచ్చి నిలిచినంత వేడి. అందు మూడు పూటలు ముప్పదియైదేండ్లుగా ఒక మనిషి నిలుచున్నది. ఆమె పేరిట గృహలక్ష్మి యని పిలిచి తృప్తిపడుచున్నాము!

అప్పుడు మా పనులకు వరుస ఏర్పడెను. మొదటిది వంటయిల్లు. పొయ్యికి పైగా గోడకు రంధ్రము కొట్టించి, వేడిగాలిని బయటికి నెట్టు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించితిమి. వెలుపలికి పోయినంత గాలి లోనికి రావలెను గదా. అందులకు తలుపు అడుగున జాలీ వేయించితిమి. చిన్న గోడపంకా నొకదానిని వంటచేయువారి వీపునకు గాలి తగులునట్లును, మంటకు తగులనట్లును ఒక ప్రక్కగా బిగించితిమి. మంట ఆరలేదు. ఇన్నాళ్లు మేము చెప్పినది సాకు మాత్రమే యని తేలెను. పప్పు ముందుగా నానబెట్టి, కుక్కరులో ఉడికించి, తొమ్మిదిగంటల లోపల వంట ముగించు నియమమును పెట్టుకొంటిమి. మధ్యాహ్నపు కాఫీ వేడివేడిగా కావలెనని అడుగుట మేము మానితిమి.

రెండవది కప్పు. ఒక వృద్ధుడగు మేస్త్రి మా శ్లాబు చూచి, "గింత ఎండకు గీ నల్లటి కప్పేంది సారూ? సున్నం ఎయ్యుండ్రి" అనెను. సున్నములో జిగురు కలిపి రెండు పూతలు పూయించితిమి. తెల్లనికప్పు ఎండలో ఎక్కువ భాగమును ఆకాశమునకు త్రిప్పివేయును. పూతకు ముందు మూడుగంటల వేళ గదిలో 41 డిగ్రీలు చూపిన మాపకము, పూత తరువాత అటువంటి ఎండలోనే 38 చూపెను. మూడు డిగ్రీలే గదా యనవచ్చును; ఆ మూడు డిగ్రీలతో మా తల్లికి మధ్యాహ్నము కునుకు పట్టెను. వానకు సున్నము కొట్టుకొనిపోవును గనుక ఏటేట మార్చిలో మరల పూయవలెను. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వమువారు ఇట్టి చల్లనికప్పులను గూర్చి యొక విధానమునే ప్రకటించిరి. ప్రభుత్వము చెప్పకమునుపే మేస్త్రి చెప్పెను. మేస్త్రి చెప్పకమునుపే పల్లెలలోని పాత మట్టియిండ్ల ముదుక గోడలు చెప్పుచున్నవి. మేము నాలుగున్నర అంగుళముల గోడలు కట్టి ఇటుకలు మిగిల్చితిమి. పడమటిగోడకు నీడగా వెదురుపందిరి వేసి, చిక్కుడుతీగ ప్రాకించితిమి.

మూడవది కూలరు. నీరు ఆవిరియగునప్పుడు వేడిని పీల్చుకొనును. ఒక లీటరు నీటికి సుమారు 2,400 కిలోజౌళ్లు. పూర్వపు వట్టివేళ్ల తడికలకును, నేటి కూలరునకును మూలసూత్రమొక్కటే. అయితే గాలి పొడిగా నున్నప్పుడే నీరు త్వరగా ఆవిరియగును. మే నెలలో ఆదిలాబాదున 42 డిగ్రీల గాలిలో తేమ నూటికి ఇరువది పాళ్లుండినచో మంచి కూలరు దానిని 28 డిగ్రీల వఱకు దింపగలదు. మా స్వగ్రామమున 36 డిగ్రీల గాలిలో తేమ అరువదిపాళ్లుండును. అదే కూలరు 31 డిగ్రీల వద్దనే ఆగి, ఉక్కను మాత్రము పెంచును. అందుచేతనే బందరు బంధువులు "కూలరు దండుగ" అనిరి. ఆదిలాబాదు పొరుగువారు "కూలరే దిక్కు" అనిరి. ఇరువురును సత్యమే చెప్పిరి. కూలరును కిటికీ బయట నుంచి, ఎదుటి కిటికీ తెరచియుంచవలెను. తలుపులన్నియు మూసినచో గది చెమ్మగిల్లును. మేము కొన్న కూలరు ఆ వేసవి గడిపించెను.

కాని జూన్ నెలలో మొదటి వానలు పడి, వేడి తగ్గక, తేమ పెరిగినది. కూలరుగాలి జిగటయయ్యెను. మా తల్లికి చెమట ఆరదు, ఆయాసము తగ్గదు. నాలుగు రాత్రులు ఆమె కూర్చుండియే తెల్లవార్చెను. వైద్యుడు ఏసీ పెట్టించుమనెను. మేము మాటాడలేదు. విలాసములను ఖండించుచు వ్రాసిన వ్యాసములు మాకు జ్ఞాపకము వచ్చుచుండెను. గృహిణి అది గ్రహించి, "మీ వ్యాసాలు ఎవరు చదివారో నాకు తెలియదు. అత్తయ్యకు ఊపిరాడటం లేదని మాత్రం తెలుసు" అనెను. ఆ సంవత్సరము ఎట్లో గడచెను. 2020 ఫిబ్రవరిలో, ధరలు పెరుగకమునుపే, దుకాణమునకు పోయితిమి.

దుకాణదారుడు గది కొలతలు వినకమునుపే, "ఒకటిన్నర టన్ను తీసుకోండ్రి సార్, ఇజ్జత్ ఉంటది" అనెను. టన్ననగా యంత్రపు బరువు కాదు. ఒక టన్ను, అనగా 2,000 పౌనుల, మంచుగడ్డను ఇరువదినాలుగు గంటలలో కరగించునంత వేడిని తీసివేయు శక్తి, అనగా సుమారు 3,500 వాట్లు. నూట ఇరువది చదరపుటడుగుల గదికి, అందును కప్పుకు సున్నము వేసిన గదికి, ఒక టన్ను చాలును. మితిమీరిన యంత్రము గదిని త్వరగా చల్లబరచి ఆగిపోవుచు, గాలిలోని తేమను సరిగా తీయజాలదు. మాకు కావలసినది తేమ తీయుటయే. ఈ యంత్రమే తొలుత తేమ కొఱకు పుట్టినది: 1902లో విల్లిస్ క్యారియరు అను అమెరికా ఇంజనీరు న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమునందలి ముద్రణాలయములో కాగితములు తేమకు సాగకుండుటకై దీనిని కల్పించెను. ఒక టన్నుదే కొంటిమి. 2020 జనవరి మొదటి తేదీనుండి మన దేశమున ఇట్టి యంత్రములు 24 డిగ్రీలవద్ద ఆరంభమగునట్లు నియమము చేసిరి. మేము దానిని 27కు పెంచి, పంకా మెల్లగా త్రిప్పుచుంటిమి. మా తల్లికి అది చాలెను.

యంత్రము బిగించు కుఱ్ఱవాడు బయటిపెట్టెను ప్రక్కసందు గోడకు బిగింపబోయెను. గృహిణి వారించెను. ఆ సందు మూడడుగులు. అవతలిగోడకున్న కిటికీకడ కూర్చుండి పొరుగింటి తల్లి యొకతె పగలంతయు బీడీలు చుట్టుచుండును. ఏసీ యంత్రము వేడిని చంపదు. లోపలిదానిని బయటికి తోయును, తాను తిన్న విద్యుత్తు వేడిని కూడ కలిపి తోయును. మా తల్లి చల్లగా నిదురించుటకు మరియొక తల్లి ఉడికిపోవలెనా? పెట్టెను మేడమీద పెట్టించితిమి. గొట్టము పొడవునకు కొంత సొమ్ము ఎక్కువయ్యెను. మేము జీవితమున విలాసములను గూర్చి వ్రాసిన పుటలన్నిటికంటె ఆ గొట్టమునకు పెట్టిన సొమ్ము సార్థకమని తలచుచున్నాము. అవసరమున్నవారికి అమర్చినది విలాసము కాదు; అవసరమున్నవారిని మరచి మనకు అమర్చుకొన్నది విలాసము. వంటయింట పంకా లేనప్పుడు మా గదిలోని పంకాయే విలాసము.

మా తల్లి 2022వ సంవత్సరము కార్తికమాసమున, ఎండవలన గాని చలివలన గాని కాక, వయస్సు వలన కన్నుమూసెను. ఏసీ నిప్పుడు జూన్ నెలలో పదిపండ్రెండు రాత్రులు మాత్రమే వాడుదుము. వంటయింటి పంకా మాత్రము దినదినము తిరుగుచున్నది. ఉదయపు వంటలో సగము పని మాది.

చదువరులారా, ఇరుకిల్లు కట్టుకొనువారును, అద్దెకుండువారును మమ్ము ఏ యంత్రము మంచిదని అడుగుచుందురు. మేము వారికి మూడు పనులు చెప్పుచుందుము. రాత్రి పదిగంటలకు మీ కప్పు అడుగున చేయి పెట్టి చూడుడు. చలికాలమున పండుకొనబోవు ముందు గాలి వచ్చు సందు తెరచియున్నదా యని చూడుడు. వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము మీ వంటయింట, పొయ్యి వెలుగుచుండగా, అరగంటసేపు నిలువుడు. ఆ తరువాత దుకాణమునకు పొండు. మూడవ పనిని చేసినవారు దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలో ఎవరినో క్షమాపణ యడుగవలసి యుండును. మేమడిగితిమి. "ముందు ఆ పంకా తుడవండి, దుమ్ము పట్టింది" అని ఆమె సమాధానము.